రెండు వయొలిన్లలో ఏది మేలు: నిర్మాణాన్ని బట్టి నాదాన్ని పోల్చి ఎంచుకోవడం

వయొలిన్ నాదాన్ని నిర్ణయించే అంశాలన్నీ ఒకే తరహావి కావు. పలకల వంపు, మందం, కర్ర, పై పలకలో ఎఫ్ అక్షరం ఆకారంలో కోసిన ఎఫ్ రంధ్రాల పొడవు వంటివి తయారీనాడే స్థిరపడిపోతాయి. వాటిలో కొన్నింటిని మార్చాలంటే వాయిద్యాన్ని విప్పాలి, కొన్నింటిని విప్పినా మార్చలేము. తీగలను ఎత్తి నిలిపే బ్రిడ్జి, లోపలి సౌండ్ పోస్ట్, తీగలు, వాటి కింది కొసలను పట్టి ఉంచే టెయిల్‌పీస్ వంటివి చేయి తిరిగిన మరమ్మతుదారు తక్కువ సమయంలోనే మార్చగలిగినవి. ఇక వెనుక పలక మీది చారలు, వార్నిష్ రంగు, లోపల అంటించిన చీటీ కంటిని ఆకట్టుకుంటాయే గాని, వాటి ప్రభావం చెవికి చేరేది బహు స్వల్పం. ఎంపికలో తప్పటడుగు పడేది చాలావరకు ఈ మూడు వర్గాలనూ కలిపి చూడటం వల్లనే. తీగలు పాతబడి మూగబోయిన మంచి వయొలిన్‌ను పక్కన పెట్టి, కొత్త తీగల మెరుపుతో మోగుతున్న నాసిరకం వయొలిన్‌ను ఇంటికి తెచ్చుకునేవారు తక్కువేమీ కాదు. డబ్బు పెట్టవలసింది మొదటి వర్గానికి కాబట్టి ఈ వ్యాసంలో కూడా దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

నాదం ఏ దారిన బయటికి వస్తుంది

తీగ తనంత తానుగా దాదాపు వినిపించదు. అంత సన్నని వస్తువు గాలిని చెప్పుకోదగినంతగా కదిలించలేదు. కమాను లాగినప్పుడు తీగ పక్కలకు కంపిస్తుంది, ఆ కంపనం బ్రిడ్జిని అటూ ఇటూ ఊపుతుంది, బ్రిడ్జి పాదాలు రెండూ ఆ ఊపును పై పలకకు అందిస్తాయి. వయొలిన్ నిర్మాణంలోని అసలు విశేషం ఈ చోటనే ఉంది. అన్నిటికంటే సన్నని ఇ తీగ వైపు పాదానికి కొద్దిగా వెనుకగా, పెట్టె లోపల, సుమారు 6 మిల్లీమీటర్ల వ్యాసం గల స్ప్రూస్ (పైన్‌ను పోలిన చెట్టు) కర్ర పుల్ల ఒకటి పై పలకకూ వెనుక పలకకూ మధ్య బిగువుగా నిలబడి ఉంటుంది. అదే సౌండ్ పోస్ట్. దానికి జిగురు పెట్టరు. అన్నిటికంటే లావైన జి తీగ వైపు పాదం కింద పై పలక లోపలి ముఖానికి నిలువునా అంటించిన కర్ర పట్టీ ఉంటుంది, దాన్ని బాస్ బార్ అంటారు. పోస్ట్ ఉన్న వైపు కదలిక తక్కువ, బార్ ఉన్న వైపు ఎక్కువ. ఈ అసమానత వల్లనే బ్రిడ్జి ఊపు పెట్టెను ఉబ్బించి అణచే కదలికగా మారుతుంది. రెండు వైపులా సమానంగా కదిలితే ఒక పక్క నెట్టిన గాలిని రెండో పక్క లాగేసుకుని, కింది స్వరాలు బయటికి రాకుండానే ఆగిపోయేవి.

పెట్టెకు తనవైన అనునాదాలు, అంటే అది బలంగా కంపించే పౌనఃపున్యాలు, కొన్ని ఉంటాయి. లోపలి గాలి ఎఫ్ రంధ్రాల గుండా లోపలికీ బయటికీ కదలడం వల్ల ఏర్పడే అనునాదం సుమారు 270 నుంచి 280 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. పలకలు, గాలి, పక్క పట్టీలు అన్నీ కలిసి కంపించే ముఖ్యమైన అనునాదాలు రెండు 400 నుంచి 600 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. 2000 నుంచి 3000 హెర్ట్జ్ ప్రాంతంలో బ్రిడ్జి, దాని చుట్టూ ఉన్న పలక భాగం కలిసి మరొక బలమైన అనునాద ప్రాంతాన్ని ఇస్తాయి. దూరంగా కూర్చున్నవారికి అందే స్పష్టతలో పెద్ద భాగం దానిదే. జి తీగను ఖాళీగా వాయించినప్పుడు మూల పౌనఃపున్యం 196 హెర్ట్జ్. అంత కింద ఈ పెట్టెకు బలమైన అనునాదం ఏదీ లేదు. మంద్రంలో మనం వింటున్నామనుకునే గాంభీర్యాన్ని చెవి ఎక్కువగా 392, 588 హెర్ట్జ్ వంటి అతిస్వరాల (మూల స్వరంతోపాటు మోగే పై స్వరాల) నుంచి కూర్చుకుంటుంది. కనుక మంద్రం బాగుందనిపించే వయొలిన్‌లో నిజంగా బాగున్నది ఆ పై అనునాదాల బలం. ఆ బలం వంపు, మందం, కర్ర నుంచి వస్తుంది. లావు తీగలు బిగించి తెచ్చుకోగలిగినది కాదు.

ఎత్తైన వంపా, తక్కువ వంపా

వయొలిన్‌ను కంటి ఎత్తున పక్కగా పట్టుకుని చూస్తే పలకలు అంచు నుంచి మధ్యకు ఎంత ఉబ్బి ఉన్నాయో తెలుస్తుంది. నేటి ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతపు అబ్సామ్‌లో పనిచేసి 1683లో మరణించిన యాకోబ్ స్టైనర్, ఇటలీలోని క్రెమోనాకు చెందిన అమాతి కుటుంబీకులు ఎత్తైన వంపులు చెక్కారు. అదే క్రెమోనాలో 1737లో మరణించిన అంతోనియో స్ట్రాడివారి తన పరిణత దశలో వంపును తగ్గించాడు. ఆయన పై పలక వంపు సుమారు 15 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే, స్టైనర్ తరహా వంపు దానికి కొన్ని మిల్లీమీటర్లు పైన ఉంటుంది.

18వ శతాబ్దంలో ఎక్కువ కాలం స్టైనర్ వయొలిన్లకే గౌరవం, గిరాకీ రెండూ ఎక్కువగా ఉండేవి. గదుల్లో, చిన్న బృందాలతో సాగే సంగీతానికి వాటి తీయని, ఒదిగిన నాదం సరిపోయింది. సభామందిరాలు విశాలమై, వాద్యబృందాలు పెరిగిన తర్వాత తక్కువ వంపు గల క్రెమోనా వయొలిన్లు ముందుకు వచ్చాయి. ఆ మార్పుతోపాటు పాత వయొలిన్లకు కొత్త మెడలు అమర్చారు. మెడ కొంచెం పొడవై వెనక్కి వాలింది, లోపలి బాస్ బార్ పొడవుగా, బలంగా మారింది. ఈనాడు మనం స్ట్రాడివారి నాదమని వినేది ఆయన స్వయంగా విన్న అమరికలోని నాదం కాదన్న మాట.

ఈ చరిత్రలోనే ఎంపికకు కావలసిన సమాధానం సగం దొరుకుతుంది. ఎత్తైన వంపు గల వయొలిన్ వాయించేవారి చెవి దగ్గర వెంటనే ఆకట్టుకుంటుంది, తేలిక కమానుకు సులభంగా పలుకుతుంది. కాని ఒక హద్దు దాటి ఒత్తితే నాదం పెరగకుండా నొక్కుకుపోతుంది. తక్కువ వంపు గల వయొలిన్ మొదటి పది నిమిషాల్లో కొంత మొరటుగా అనిపించినా, కమాను బరువు పెంచేకొద్దీ ఇస్తూ పోతుంది, దూరానికి స్పష్టంగా చేరుతుంది. పెద్ద మందిరంలో మైకు లేకుండా వాయించవలసినవారికి, వాద్యబృందం ఎదుట ఒంటరిగా నిలబడవలసినవారికి తక్కువ వంపునే సూచిస్తాను. ఇంట్లో, చిన్న గదిలో, లేదా ఎప్పుడూ మైకు ముందు వాయించేవారికి దూరం వెళ్ళే శక్తి అంత అవసరం లేదు. వారికి మధ్యస్థమైన లేదా కొంచెం ఎత్తైన వంపులోని మాధుర్యం ఎక్కువ ఉపయోగపడవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. 19వ శతాబ్దపు కర్మాగారాల్లో స్టైనర్ పేరుతో తయారైన నకళ్ళు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో వంపును మూలంకంటే అతిగా పెంచి, అంచు దగ్గర లోతైన పల్లం తీసినవి తరచుగా డబ్బాలోంచి పలికినట్టు వినిపిస్తాయి. అటువంటి పలక ఆకారాన్ని ఏ మరమ్మతూ సరిదిద్దలేదు.

మందం: తీయవచ్చు, కలపలేము

మంచి వయొలిన్‌లో పై పలక మందం చాలావరకు 2.5 నుంచి 3 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. వెనుక పలక నడుమ 4 నుంచి 5 మిల్లీమీటర్ల దాకా ఉండి, అంచుల వైపు 2.5 మిల్లీమీటర్ల దగ్గరికి పలచబడుతుంది. ఈ అంకెల్లోని చిన్న తేడాలు చెవికి పెద్దవిగా వినిపించడానికి కారణం ఉంది. పలక బరువు మందంతో సమానంగా పెరిగితే, దాని బిరుసు మందం ఘనానికి అనుపాతంగా పెరుగుతుంది. మందాన్ని పదో వంతు తగ్గిస్తే బరువు పది శాతమే తగ్గుతుంది, బిరుసు మాత్రం సుమారు 27 శాతం పడిపోతుంది.

మందంగా మిగిలిపోయిన వయొలిన్ లక్షణాలను గుర్తించడం కష్టం కాదు. స్వరం ఆలస్యంగా పలుకుతుంది, మెల్లగా వాయించినప్పుడు దాదాపు మాట్లాడదు, ముక్కుతో పాడినట్టు ఇరుకుగా ఉంటుంది. తక్కువ ఖర్చుతో తయారయ్యే వయొలిన్లలో ఇది సర్వసాధారణం, ఎందుకంటే పలకను చివరి మిల్లీమీటరు దాకా జాగ్రత్తగా పలచన చేయడమే తయారీలో సమయం తినే పని. అతిగా పలచబడిన వయొలిన్ దీనికి విరుద్ధంగా మొదటిసారి వాయించగానే మురిపిస్తుంది. మంద్రం విశాలంగా, బాహాటంగా మోగుతుంది. అయితే కమాను బరువు పెంచగానే ఆ విశాలత బోలుతనంగా తేలిపోతుంది. తార స్థాయిలో నాదానికి పస ఉండదు, వోల్ఫ్ స్వరాల (వణికి చీలినట్టు వినిపించే స్వరాల) బెడద పెరుగుతుంది, కాలక్రమంలో తీగల ఒత్తిడికి పై పలక బ్రిడ్జి దగ్గర కుంగే ప్రమాదం కూడా ఉంది.

రెండింట్లో ఒకటి తప్పదంటే కొంచెం మందంగా ఉన్నదాన్నే తీసుకోవాలన్నది నా అభిప్రాయం. పై పలకను తెరిచి లోపలి నుంచి కర్ర తీయడం నిపుణుడికి సాధ్యమైన పని. తీసేసిన కర్రను తిరిగి చేర్చడం ఆచరణలో పెద్ద శస్త్రచికిత్స. పైగా పలచగా ఉంటేనే పెద్ద నాదం అన్నది కూడా నియమం కాదు. ఇటాలియన్ వయొలిన్ విద్వాంసుడు పగనీని వాయించిన, ఇటలీలోని జెనోవా నగరం భద్రపరుస్తున్న, క్రెమోనా తయారీదారు గ్వర్నేరి చేసిన వయొలిన్ 1743లో తయారైనది; దాని గర్జనను బట్టి ఫిరంగి అన్న అర్థంలో కన్నోనే అని పేరు వచ్చింది. దాని పలకలు సాధారణంకంటే మందమైనవి.

స్ట్రాడివారి నమూనా, గ్వర్నేరి నమూనా

ఈనాటి వయొలిన్లలో అత్యధికం ఈ రెండు నమూనాల్లో ఒకదాన్ని అనుసరించి తయారవుతాయి. అమ్మేవారు మొదట చెప్పేది కూడా ఇదే. స్ట్రాడివారి నమూనా పెట్టె పొడవు సుమారు 355 మిల్లీమీటర్లు. గీత నాజూకు, ఎఫ్ రంధ్రాలు కుదురు. 1744లో మరణించిన బార్తొలొమెయో జ్యుసెప్పే గ్వర్నేరి, అంటే దెల్ జెసూ, చేసిన వయొలిన్లు పొడవులో కొన్ని మిల్లీమీటర్లు తక్కువ. ఎఫ్ రంధ్రాలు పొడవుగా, కొంత కోసుగా ఉంటాయి, పనితనంలో తొందర కనిపిస్తుంది. స్ట్రాడివారి వయొలిన్ కమాను వేగంలోని సూక్ష్మమైన మార్పులకు రంగులు మారుస్తుందని, గ్వర్నేరి వయొలిన్ కమాను బరువును ఎంతైనా భరించి ముదురు నాదాన్ని ఇస్తుందని వాయించేవారు తరతరాలుగా చెబుతున్నారు.

నాదానికి సంబంధించినంతవరకు ఈ రెంటి మధ్య తేడాలో ఎఫ్ రంధ్రాలకు గట్టి పాత్ర ఉంది. 2015లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రంధ్రం గుండా గాలి ప్రవాహం ఎక్కువగా అంచుల దగ్గరే జరుగుతుంది, మధ్య వైశాల్యం పెద్దగా పని చేయదు. కనుక గుండ్రని రంధ్రంకంటే అంతే వైశాల్యం గల పొడవైన సన్నని రంధ్రం ఎక్కువ శక్తిని బయటికి పంపుతుంది. గుండ్రని రంధ్రాలున్న మధ్యయుగపు వాయిద్యాల నుంచి ఎఫ్ ఆకారం దాకా వచ్చిన పరిణామం ఆ దిశలోనే సాగిందని, అమాతి నుంచి స్ట్రాడివారి మీదుగా గ్వర్నేరి దాకా ఆ పొడవు పెరుగుతూ వచ్చిందని వారు కొలిచి చూపారు. రంధ్రం పొడవు పెరిగితే గాలి అనునాదం కొంచెం పైకి జరుగుతుంది. పక్క పట్టీల ఎత్తు పెంచి లోపలి గాలి పరిమాణాన్ని పెంచితే అది కిందికి దిగుతుంది. సాధారణంగా 30 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండే ఆ ఎత్తు ఈ సమతూకం కోసం ఎంచుకున్నదే.

అయితే నమూనా పేరు చూసి వయొలిన్ కొనవద్దు. కొత్త వయొలిన్ మీద గ్వర్నేరి నమూనా అని రాసి ఉంటే దానర్థం బయటి గీతను, రంధ్రాలను అనుకరించారని మాత్రమే. వంపు, మందం, కర్ర నాణ్యత గురించి ఆ మాట ఏమీ చెప్పదు. బయటి గీత ఒక్కటే నాదాన్ని శాసించదనడానికి మంచి ఉదాహరణ 19వ శతాబ్దం తొలి దశకాల్లో ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త ఫెలిక్స్ సవార్ట్ చేసిన ప్రయోగం. ఆయన పక్కలు తిన్నగా, పలకలు చదునుగా, రంధ్రాలు నిలువు గీతలుగా ఉన్న ట్రెపీజియం ఆకారపు వయొలిన్ చేశాడు. అందంలో అది వయొలిన్‌కు ఏమాత్రం సాటి రాదు, అయినా ప్యారిస్‌లో దాన్ని విని పరిశీలించిన పండితుల సంఘం నాదాన్ని మెచ్చుకుంది.

చెక్కిన పలక, అదిమిన పలక, ప్లైవుడ్, కార్బన్

పై పలకకు స్ప్రూస్ వాడటం సంప్రదాయం కోసం కాదు. ఆ కర్ర తేలిక, పైగా తంతువుల వెంట బిరుసు అపారం, అడ్డంగా అందులో పదో వంతు లేదా అంతకంటే తక్కువ. తక్కువ బరువులో అంత బిరుసు ఇచ్చే కర్రలు అరుదు. వెనుక పలకకు, పక్కలకు వాడే మేపుల్ బరువైనది, గట్టిది. దిమ్మె నుంచి చెక్కిన పలకలో ఈ గుణాలు చెక్కుచెదరకుండా ఉంటాయి. పలచని చెక్కను వేడితో వంచి అదిమి చేసిన పలకలో వంపు ఉంటుంది గాని, మందాన్ని చోటును బట్టి మలిచిన పనితనం ఉండదు. కాలం గడిచేకొద్దీ ఆ వంపు సడలే అవకాశం కూడా ఉంది. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి తంతువుల దిశ వల్ల వచ్చే లాభమే పోతుంది. దెబ్బలకు తట్టుకోవడం ఒక్కటే దాని సుగుణం. ఎఫ్ రంధ్రం అంచును నిశితంగా చూడండి: పై ముఖం మీది గీత అంచు మందం గుండా లోపలి దాకా కొనసాగితే అది ఏకఖండపు కర్ర, అంచులో పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. అంచు వెంట ఉండే మూడు పొరల సన్నని పొదుగు పట్టీ నిజంగా పొదిగినదా, రంగుతో గీసినదా అన్నది కూడా చూడవలసిందే. నిజమైన పొదుగు అంచు చీలికలను లోపలికి పాకనివ్వదు. గీసినదైతే తయారీదారు ఇంకెక్కడెక్కడ పని తగ్గించుకున్నాడో ఊహించవచ్చు.

కార్బన్ ఫైబర్ వయొలిన్లు వేరే కోవకు చెందినవి. తేమ, ఎండ వాటిని కదిలించలేవు. నాదం అన్ని స్థాయిల్లో సమంగా, స్పష్టంగా, కాస్త ఉజ్జ్వలంగా ఉంటుంది. ఆరుబయట వాయించేవారికి, తరచుగా ప్రయాణించేవారికి ఇవి నిజంగా పనికివస్తాయి. కర్ర వయొలిన్‌లో దొరికే రంగుల వైవిధ్యం నాకు వాటిలో తక్కువగా వినిపిస్తుంది, అందుచేత ఒకే ఒక్క వయొలిన్ కొనేవారికి వీటిని మొదటి ఎంపికగా చెప్పను.

చిన్న పరిమాణపు వయొలిన్ల గురించి చెప్పవలసింది కొద్దే. పెట్టె చిన్నదైతే అనునాదాలు పైకి జరుగుతాయి, తీగల శ్రుతి మాత్రం అదే, కాబట్టి అరపరిమాణపు వయొలిన్‌లో జి తీగ పలచగా పలకడం లోపం కాదు. నిండైన మంద్రం కోసం పిల్లల చేతికి పెద్ద వయొలిన్ ఇస్తే దెబ్బతినేది చేతి అమరిక.

చారలు, వార్నిష్, వయసు

మేపుల్ కర్రలోని మెరిసే చారలు కంటికి విందు, ధరకు రెక్కలు. నాదంతో వాటికి నేరుగా సంబంధం లేదు; క్రెమోనా తయారీదారులు చెల్లోల (వయొలిన్ కుటుంబంలోని పెద్ద వాయిద్యాల) వెనుక పలకలకు ఏ చారలూ లేని పోప్లర్, విల్లో కర్రలు కూడా వాడారు. వెనుక పలక ఒకే ముక్కా, రెండు ముక్కలా అన్నదీ ఇటువంటిదే. వార్నిష్ విషయంలో మాత్రం హద్దు ఒకటి ఉంది: దళసరిగా, ప్లాస్టిక్ పొరలా పూసినది పలకను బిగదీసి పై అతిస్వరాలను మింగేస్తుంది. పలచగా పూసినదైతే అది నూనె వార్నిషా, స్పిరిట్ వార్నిషా అన్న చర్చకు విలువ తక్కువ. ప్యారిస్ సంగీత సంగ్రహాలయంలోని ఐదు స్ట్రాడివారి వాయిద్యాల పూతను విశ్లేషించినప్పుడు బయటపడినవి ఆనాటి చిత్రకారులు, వడ్రంగులు కూడా వాడే నూనె, పైన్ జాతి రెసిన్, రంగులే.

వయసు, పేరు గురించి గుడ్డి పరీక్షలు (ఏది ఏదో తెలియకుండా చేసే పరీక్షలు) చెప్పినది తెలుసుకోదగినది. ధ్వనిశాస్త్ర పరిశోధకురాలు క్లాడియా ఫ్రిట్జ్, వయొలిన్ తయారీదారు జోసెఫ్ కర్టిన్ బృందం 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో 21 మంది వయొలిన్ వాద్యకారులకు నల్లటి కళ్ళద్దాలు పెట్టి మూడు కొత్త, మూడు పాత ఇటాలియన్ వయొలిన్లు ఇచ్చింది. అందరికంటే తక్కువ ఇష్టపడినది ఒక స్ట్రాడివారి. 2012లో ప్యారిస్ దగ్గర ఒంటరిగా కచేరీ చేసే పది మంది వాద్యకారులు ఆరు పాత, ఆరు కొత్త వయొలిన్ల నుంచి తమకు నచ్చినది ఎంచుకోగా, ఆరుగురు కొత్తవాటినే ఎంచుకున్నారు. పాత వయొలిన్లు మంచివి కావని దీని అర్థం కాదు. బాగా తయారైన కొత్త వయొలిన్‌కూ, రెండు మూడు పగుళ్ళు అతికిన పేరులేని పాత వయొలిన్‌కూ మధ్య ఎంచుకోవలసి వస్తే వయసుకు మార్కులు వేయనక్కరలేదు.

మార్చగలిగినవాటిని బట్టి తిరస్కరించవద్దు

బ్రిడ్జి బరువు సుమారు రెండు గ్రాములకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. దాని మీద మ్యూట్ (నాదాన్ని తగ్గించే చిన్న బిళ్ళ) పెట్టగానే నాదం మసకబారడం అందరూ విన్నదే. అనవసరంగా మందంగా వదిలేసిన బ్రిడ్జి చేసేది అదే పని, శాశ్వతంగా. పరీక్షిస్తున్న వయొలిన్ మొద్దుబారినట్టు ఉంటే ముందు బ్రిడ్జి పై అంచు చూడండి, అది 1.5 మిల్లీమీటర్లను బాగా మించి ఉంటే తీర్పు వాయిదా వేయండి. సౌండ్ పోస్ట్ అర మిల్లీమీటరు జరిగినా నాదం మారుతుంది. బ్రిడ్జి పాదానికి దగ్గరగా తెస్తే నాదం సాధారణంగా బిగువుగా, సూటిగా అవుతుంది, దూరం జరిపితే వదులవుతుంది. బ్రిడ్జి నుంచి టెయిల్‌పీస్ దాకా మిగిలే తీగ భాగం, మోగే తీగ పొడవులో ఆరో వంతు ఉండాలన్నది వాడుక. మోగే పొడవు సుమారు 328 మిల్లీమీటర్లు అనుకుంటే అది 55 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. బరువైన లోహపు టెయిల్‌పీస్ స్థానంలో తేలికది పెట్టి, ఈ పొడవు సరిచేస్తే ఇరుకైన వయొలిన్ కొంత తెరుచుకుంటుంది.

తీగల్లో పేగు తీగలు అతిస్వరాలతో నిండినవి, మెత్తనివి, కాని తేమకు శ్రుతి నిలవదు. ఉక్కు తీగలు స్థిరంగా, వేగంగా, సన్నని మెరుపుతో పలుకుతాయి. 1970లో తీగల తయారీదారు థోమాస్టిక్ సంస్థ డామినెంట్ పేరుతో తెచ్చిన నైలాన్ జాతి గర్భం గల తీగలతో మొదలైన కృత్రిమ తీగలు ఈ రెంటికీ మధ్య నిలిచి, ఇప్పుడు అత్యధికుల వాడుకలో ఉన్నాయి. ఉజ్జ్వలమైన వయొలిన్‌కు మెత్తని తీగలు, ముదురు వయొలిన్‌కు స్పష్టమైన తీగలు వేయడం తెలివైన పని. బిగువు ఎక్కువైన తీగలు వేస్తే నాదం పెరుగుతుందన్న నమ్మకం చాలాసార్లు తలకిందులవుతుంది, ఎందుకంటే బ్రిడ్జి మీద ఒత్తిడి పెరిగి పలక కదలిక బిగుసుకుపోతుంది.

ప్రామాణిక శ్రుతికంటే తగ్గించి వాయించేవారు ఈ విషయంలో ప్రత్యేకంగా ఆలోచించాలి. తీగ బిగువు పౌనఃపున్యం వర్గానికి అనుపాతంగా మారుతుంది కాబట్టి రెండు అర్ధస్వరాలు దించితే ఐదో వంతు, మూడు దించితే దాదాపు మూడు పదో వంతుల బిగువు పోతుంది. అటువంటివారికి బరువైన తీగలు కావాలి. పెట్టె అనునాదాలు మాత్రం తీగలతోపాటు దిగవు, ఉన్నచోటనే ఉంటాయి. ప్రామాణిక శ్రుతిలో బాగా వినిపించిన వయొలిన్‌లో వోల్ఫ్ స్వరం, తగ్గించిన శ్రుతిలో మీరు ఎక్కువగా నిలిచే స్థానం మీదికి వచ్చి కూర్చోవచ్చు. వాయించబోయే శ్రుతిలోనే పరీక్షించాలన్నది అందుకే.

పోల్చే పద్ధతి

ఒకే కమానుతో, ఒకే గదిలో, వీలైతే ఒకే రకం తీగలతో రెండు వయొలిన్లనూ వెంటవెంటనే మార్చి వాయించాలి. నాదం గురించిన జ్ఞాపకం కొన్ని నిమిషాలు కూడా నమ్మదగినది కాదు. ముందుగా నచ్చిన కృతి వాయించకండి, దానిలో మీ చేయి వయొలిన్ లోపాలను తెలియకుండానే కప్పేస్తుంది. ప్రతి తీగ మీద అర్ధస్వరాల వరుసగా నెమ్మదిగా పైకి వెళ్ళి, ఏ స్వరం హఠాత్తుగా ఉబ్బుతోందో, ఏది మూగబోతోందో గుర్తుపెట్టుకోండి. జి తీగ మీద పై స్థానాల్లో, ముఖ్యంగా ఖాళీ తీగ స్వరానికి ఒక స్థాయి (ఆక్టేవ్) పైన, స్వరం వణికి రెండుగా చీలినట్టు వినిపిస్తే అది వోల్ఫ్. తర్వాత అతి మెల్లగా, తీగల కింద వేళ్ళు ఒత్తే పలక అయిన ఫింగర్‌బోర్డు వైపు, అతి గట్టిగా బ్రిడ్జి వైపు వాయించి చూడండి. ఈ రెండు కొసల మధ్య ఎంత దూరం ఉంటే వయొలిన్ అంత విలువైనది. పక్కనున్నవారితో అవే రెండింటినీ వాయింపించి, మీరు గది ఆ చివర, ఏది ఏదో చూడకుండా వినండి. చెవి కింద గరుకుగా ఉన్నది దూరాన శుభ్రంగా వినిపించడం, చెవి కింద తేనెలా ఉన్నది దూరాన కరిగిపోవడం తరచుగా జరిగేదే.

నేర్చుకోవడం మొదలుపెట్టినవారు అన్నిటికంటే ముందు సులభంగా పలికే, స్వరాలు సమంగా ఉన్న, చెక్కిన పలకల వయొలిన్‌ను చూసుకోవాలి. గొప్ప రంగులు రాబట్టే కమాను చేయి వచ్చేదాకా ఆ రంగులకు డబ్బు పెట్టడం తొందరపాటు. కొన్నేళ్ళు వాయించి రెండో వయొలిన్ కోసం చూస్తున్నవారు మాత్రం మొదటి గంటలో పూర్తిగా లొంగిపోయేదాన్ని కాస్త అనుమానించాలి; ఒత్తినప్పుడు ఇంకా ఇచ్చేదాన్ని, తక్కువ వంపు, తగిన మందం గలదాన్ని ఎంచుకోవాలి. రెండూ సమానంగా నిలిస్తే మెడ కోణాన్ని, ఫింగర్‌బోర్డు చివర తీగల ఎత్తును పోల్చండి. జి తీగ కింద సుమారు 5 నుంచి 5.5, ఇ తీగ కింద 3 నుంచి 3.5 మిల్లీమీటర్లు ఉంటే సరిగ్గా ఉన్నట్టే. బ్రిడ్జిని బాగా కోసి తగ్గిస్తే తప్ప ఆ ఎత్తు రాకపోతే మెడ దిగిపోయిందని అర్థం, మెడను తిరిగి అమర్చే ఖర్చును ధరలో కలుపుకోవాలి. చివరి నిర్ణయానికి ముందు పోస్ట్ సరిచేయించి, కొత్త తీగలు వేయించి మరోసారి వాయించే అవకాశం అడగండి. ఆ తర్వాత కూడా వోల్ఫ్ మీకు తరచుగా అవసరమయ్యే స్వరం మీదనే ఉంటే, మిగతావన్నీ నచ్చినా ఆ వయొలిన్‌ను వదిలేయండి.